తత్వవేత్త కాగితాలకు కేటలాగు రాయడం: విట్‌గెన్‌స్టైన్ రాతప్రతుల ఆధారంగా ఒక మార్గదర్శిని

1889లో వియన్నాలో పుట్టిన లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ 1951 ఏప్రిల్ 29న కేంబ్రిడ్జిలో కన్నుమూసే నాటికి ఆయన పేరుతో అచ్చయిన తత్వగ్రంథం ఒక్కటే ఉంది. అది 1921లో ఒక జర్మన్ పత్రికలోనూ, మరుసటి ఏడాది ఇంగ్లీషు అనువాదంతో కలిపి పుస్తకంగానూ వెలువడిన ‘ట్రాక్టాటస్’. దానికి తోడు పల్లె బడి పిల్లల కోసం ఆయన కూర్చిన చిన్న పదకోశం 1926లో వియన్నాలో వచ్చింది. 1929లో ఒక చిన్న వ్యాసం, యువకుడిగా ఉన్నప్పుడు ఒక పుస్తక సమీక్ష అచ్చయ్యాయి. మిగిలిన జీవితకాలపు ఆలోచన అంతా చేతిరాత పుస్తకాల్లో, టైపు ప్రతుల్లో, కత్తిరించిన చీటీల్లో, శిష్యులకు చెప్పి రాయించిన కాగితాల్లో ఉండిపోయింది. ఆ మొత్తం సుమారు 20,000 పుటలు.

ఇలాంటి రాశికి కేటలాగు ఎలా రాయాలో ఈ వ్యాసంలో చెబుతాను. ఉదాహరణలన్నీ విట్‌గెన్‌స్టైన్ కాగితాల నుంచే తీసుకున్నాను, ఎందుకంటే కేటలాగు రాసేవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం అక్కడ ఒకేచోట కనిపిస్తాయి, వాటిని విడదీసిన తీరు కూడా మన కళ్లముందే ఉంది. మొదటే ఒక మాట స్పష్టం చేయాలి. రచయిత ఏమి చెప్పదలచాడో తేల్చడం కేటలాగు పని కాదు. ఏ కాగితం ఉంది, ఎక్కడ ఉంది, ఎప్పటిది, ఏ కాగితంలోంచి పుట్టింది, దానిలోంచి మళ్లీ ఏది పుట్టింది అన్నవి చెప్పడమే దాని పని. ఆలోచనకు క్రమం కల్పించే బాధ్యత సంపాదకుడిది. ఈ రెండు పనులూ కలిసిపోయిన చోట తర్వాతి తరం పరిశోధకులు ఏది రచయిత ఉంచిన వరుసో, ఏది మరొకరు పెట్టిన వరుసో తెలియక ఏళ్ల తరబడి ఇబ్బంది పడతారు.

ముందుగా కాగితాల ప్రయాణం

మొదటి పెట్టె తెరవక ముందే ఆ కాగితాలు రచయిత చేతి నుంచి మీ బల్ల మీదికి ఎలా వచ్చాయో రాసిపెట్టుకోవాలి. ఒకరి దగ్గర పుట్టిన కాగితాలను ఒక సముదాయంగానే ఉంచాలని, వేరేవారి కాగితాలతో కలపకూడదని, విషయాన్ని బట్టి విడదీయకూడదని ఫ్రాన్సులో 1841లో ఒక ఉత్తర్వు వెలువడింది. 1898లో ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు ప్రకటించిన కరదీపిక ఈ సూత్రాన్నే విస్తరించింది. నేటికీ ఈ రంగంలో మొదటి సూత్రం ఇదే.

విట్‌గెన్‌స్టైన్ విషయంలో ఈ చరిత్ర తేలికైనది కాదు. 1951 జనవరి 29న రాసిన వీలునామాలో ఆయన తన అముద్రిత రచనల హక్కులను రష్ రీస్, ఎలిజబెత్ ఆన్స్‌కోమ్, గెయార్గ్ హెన్రిక్ ఫాన్ రైట్ అనే ముగ్గురికి అప్పగించి, వారికి తగినవని తోచినవి ప్రకటించమని కోరారు. కాగితాలు మాత్రం ఒకేచోట లేవు. తొలి ప్రపంచయుద్ధ కాలపు నోటుపుస్తకాల్లో చాలావాటిని ఆయన ఆదేశం మేరకే 1950లో వియన్నాలో నాశనం చేశారు. ఆస్ట్రియాలోని గ్ముండెన్‌లో అక్క మార్గరేతె ఇంట్లో ఉండడం వల్ల మూడు మాత్రం మిగిలాయి. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు ప్రధాన భాగం 1969లో చేరింది. వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయం, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఉన్న బెర్ట్రండ్ రసెల్ ఆర్కైవు కొన్నిటిని భద్రపరుస్తున్నాయి. 2017లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ పట్టికలో ఈ కాగితాలు చేరినప్పుడు ఆస్ట్రియా, కెనడా, నెదర్లాండ్స్, బ్రిటన్ నాలుగూ కలిసి ప్రతిపాదించవలసి వచ్చింది.

అందువల్ల ప్రతి వస్తువుకూ మూడు విషయాలు విడివిడిగా రాయండి: కాగితం ఇప్పుడు ఎవరి ఆధీనంలో ఉంది, ఎవరి ద్వారా అక్కడికి వచ్చింది, అందులోని రచనపై హక్కు ఎవరిది. కాగితాన్ని కొన్నవారికి రచన హక్కు దానంతట అది రాదు. ఈ మూడింటినీ ఒకే గడిలో కుదించిన జాబితాలు అనుమతులు అడగవలసిన రోజున పనికిరావు.

విప్పేముందు

కాగితాలు మీకు ఏ స్థితిలో అందాయో ఆ స్థితిని ఫోటోలుగా తీయండి. పెట్టె మూత తీసిన వెంటనే పైనుంచి ఒకటి, ఒక్కొక్క దొంతర ఎత్తినప్పుడల్లా ఒకటి చొప్పున తీసి, ఫోటో సంఖ్యను మీ పని పుస్తకంలో నమోదు చేయండి. పెన్సిలు తప్ప మరే రాత పరికరమూ బల్ల మీద ఉండకూడదు. చేతులు శుభ్రంగా, పొడిగా ఉంటే చాలు. చేతికి తొడుగులు వేసుకుంటే స్పర్శ తెలియక పెళుసు కాగితం చిరిగే ప్రమాదమే ఎక్కువ. తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు తీసేయాలన్నది నిజమే కానీ, ఏ కాగితాలను కలిపి అవి పట్టుకొని ఉన్నాయో రాయకుండా ఒక్కటి కూడా తీయకూడదు.

ఇందులో ఎంత నష్టం దాగి ఉందో ‘చీటీలు’ అన్న అర్థంలో ‘జెట్టెల్’ పేరుతో 1967లో అచ్చయిన గ్రంథం చరిత్ర చెబుతుంది. రచయిత వేర్వేరు టైపు ప్రతుల నుంచి కత్తిరించిన ముక్కలు ఒక పెట్టెలో దొరికాయి. కొన్ని ముక్కలు క్లిప్పులతో కట్టలుగా ఉన్నాయి, మరికొన్ని విడిగా పడి ఉన్నాయి. వాటికి తత్వవేత్త పీటర్ గీచ్ కూర్చిన వరుసే తర్వాత అచ్చయిన పుస్తకానికి ఆధారమైంది. కట్టగా ఉన్న ముక్కల వరుస రచయితది కావచ్చు. విడి ముక్కల వరుస అలా కాదు. ఈ తేడా తెలియాలంటే పెట్టె తెరిచిన రోజున ఎవరో ఒకరు దానిని కాగితం మీద పెట్టి ఉండాలి. అందుకే నేను ఈ దశకు మిగతా అన్ని దశలకన్నా ఎక్కువ సమయం కేటాయించమంటాను. తర్వాత ఎన్ని పరికరాలు వచ్చినా, చెదిరిన వరుసను అవి తిరిగి తేలేవు.

సంఖ్య వేయడం

ఫాన్ రైట్ 1969లో ఒక తత్వశాస్త్ర పత్రికలో ప్రకటించిన జాబితా ఈ విద్యలో ఆదర్శంగా నిలవదగినది. ఆయన చేతిరాత ప్రతులకు 101 నుంచి, టైపు ప్రతులకు 201 నుంచి, చెప్పి రాయించినవాటికి 301 నుంచి సంఖ్యలు వేశారు. ఇప్పుడు పరిశోధకులు ఎం.ఎస్. 115, టి.ఎస్. 213, డి. 310 అని పిలిచేవి ఆ సంఖ్యలే; ఎం.ఎస్. అంటే చేతిరాత ప్రతి, టి.ఎస్. అంటే టైపు ప్రతి, డి. అంటే చెప్పి రాయించినది. ప్రతి వర్గానికీ చివర ఖాళీ ఉండడం వల్ల కొత్తగా దొరికినవాటికి చోటు దొరికింది. చేతిరాత ప్రతుల వరుస 182 దగ్గర ఆగి ఉండగా 1990లలో ఒక డైరీ బయటపడితే దానికి 183 వేయడం సాధ్యమైంది. అప్పటికే పుస్తకాల్లో ఉదహరించిన ఏ సంఖ్యా మారవలసిన అవసరం రాలేదు.

ఈ సంఖ్యల్లో అభిప్రాయం ఏదీ లేదన్నదే వాటి గొప్పతనం. ‘భాషా తత్వం’, ‘గణిత తత్వం’, ‘నీతి’ అని విభజించి ఉంటే ఒకే పుటలో మూడూ ఉన్న ప్రతిని ఏం చేయాలి? చేతితో రాసినదా, టైపు చేసినదా, చెప్పగా మరొకరు రాసినదా అన్నది మాత్రం కాగితాన్ని చూస్తే తేలుతుంది. ఇద్దరు వేర్వేరు వ్యక్తులు విడిగా పనిచేసినా దాదాపు ఒకే విభజనకు చేరుకునే లక్షణాన్ని ఆధారం చేసుకోవాలి.

ఒకే వస్తువుకు రెండు రూపాలుంటే అక్షరం చేర్చండి. 1929 నాటి నీతి ఉపన్యాసం చేతిరాత ప్రతులు 139ఏ, 139బి అయ్యాయి, టైపు ప్రతి 207 అయింది. రచయిత స్వయంగా వేసుకున్న సంఖ్యలను మీ సంఖ్యలతో తొలగించకండి. 105 నుంచి 122 వరకు ఉన్న పద్దెనిమిది సంపుటాలకు విట్‌గెన్‌స్టైన్ తానే ఒకటి నుంచి పద్దెనిమిది వరకు రోమన్ అంకెలు వేసుకున్నారు. కేటలాగులో రెండూ పక్కపక్కనే కనిపించాలి. అల్మారా సంఖ్య కూడా వేరే గడిలో ఉండాలి, ఎందుకంటే గ్రంథాలయం గది మార్చవచ్చు, కేటలాగు సంఖ్య మాత్రం మారకూడదు.

పోయినవాటికీ సంఖ్య ఇవ్వాలి. ఆయన మరణానంతరం వెలువడిన ‘తాత్త్విక పరిశోధనలు’ గ్రంథం రెండో భాగాన్ని 1953లో అచ్చువేయడానికి వాడిన టైపు ప్రతి ఆ తర్వాత కనిపించకుండా పోయింది. అయినా అది జాబితాలో టి.ఎస్. 234గా ఉంది, దానికి మూలమైన చేతిరాత ప్రతి ఎం.ఎస్. 144 దాని పక్కన కనిపిస్తుంది. అదే గ్రంథానికి తొలి రూపమైన ఎం.ఎస్. 142ను రచయిత అక్క మార్గరేతెకు కానుకగా ఇచ్చారు. అది చాలాకాలం పోయిందనే అనుకున్నారు. 1990ల తొలినాళ్లలో దొరికి వియన్నా జాతీయ గ్రంథాలయానికి చేరినప్పుడు దానికోసం ఒక స్థానం సిద్ధంగా ఉంది. పోయిన ప్రతికి ఖాళీ గడి ఉంచితే, వెతికేవారికి ఏది వెతకాలో తెలుస్తుంది.

ఒక్కొక్క ప్రతిని వర్ణించడం

అంతర్జాతీయ ఆర్కైవుల మండలి రూపొందించిన వర్ణన ప్రమాణంలో 26 అంశాలు ఉన్నాయి. వాటిలో తప్పనిసరి అనదగినవి ఆరు: సంకేత సంఖ్య, శీర్షిక, కర్త, కాలం, పరిమాణం, వర్ణన స్థాయి. మిగతావి అవసరాన్ని బట్టి చేరుతాయి. మొదట మొత్తం సముదాయానికి ఈ ఆరూ రాసి, ఆపైన వర్గానికి, ఆపైన ఒక్కొక్క ప్రతికి రాయండి. పై స్థాయిలో ఒకసారి చెప్పినదాన్ని కింది స్థాయిలో తిరిగి చెప్పవద్దు.

శీర్షికను మూల భాషలోనే, రచయిత రాసినట్టే ఎత్తి రాయాలి. తెలుగులో కేటలాగు తయారుచేసేవారు అర్థాన్ని పక్కన ఇవ్వవచ్చు గానీ, జర్మన్ శీర్షిక స్థానంలో తెలుగు అనువాదం పెట్టకూడదు. రచయిత శీర్షిక పెట్టని చోట మీరు పెట్టేది చదరపు కుండలీకరణాల్లో ఉండాలి. కాలానికీ ఇదే నియమం. కాగితం మీద ఉన్న తేదీ విడిగా కనిపించాలి, మీరు ఊహించినది కుండలీకరణాల్లో, దానికి ఆధారంతో సహా ఉండాలి. ఎం.ఎస్. 177లో చివరి తేదీ 1951 ఏప్రిల్ 27, అంటే మరణానికి రెండు రోజుల ముందు. అలాంటి తేదీలు రచయిత చేతిరాతలోనే ఉండడం అదృష్టం. అవి లేని ప్రతులకు కాగితం నీటిగుర్తు, సిరా, చుట్టుపక్కల ప్రతుల్లో కనిపించే అవే వాక్యాలు ఆధారమవుతాయి.

అట్ట ఒకటే కాబట్టి లోపల రచన ఒకటేనని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. దీనికి 115వ ప్రతినే తీసుకుందాం. దాని నమోదు ఇలా ఉండవచ్చు:

సంఖ్య: ఎం.ఎస్. 115. రచయిత వేసుకున్న సంఖ్య: పదకొండవ సంపుటం.
రూపం: చేతిరాత, అట్టకట్టిన పుస్తకం, 292 పుటలు. భాష: జర్మన్.
మొదటి భాగం: పుటలు 1–117. ప్రారంభం డిసెంబరు 1933. టి.ఎస్. 213కు చేసిన తిరగరాత.
రెండో భాగం: పుటలు 118–292. ప్రారంభం ఆగస్టు 1936, నార్వే. డి. 310ను జర్మన్‌లో తిరిగి రాసే ప్రయత్నం. అసంపూర్ణం, ఇదంతా విలువలేనిదని రచయితే చివర రాసి వదిలేశారు.
తర్వాతి అడుగు: ఎం.ఎస్. 142, 1936 నవంబరు నుంచి.
ఉన్నచోటు: ట్రినిటీ కళాశాల, కేంబ్రిడ్జి.

రెండు భాగాల మధ్య దాదాపు మూడేళ్ల దూరం ఉంది, ప్రయోజనం వేరు, మూలం వేరు. ‘115, 1933–36’ అని ఒక్క పంక్తిలో రాసి ఉంటే ఇదంతా కనిపించకుండా పోయేది.

పుటల వరుస రాసిన వరుసే అయి ఉండాలన్న నియమం కూడా లేదు. కుడివైపు పుటలు ముందు నింపి, తర్వాత ఎడమవైపు పుటలకు తిరిగి వచ్చే అలవాటు చాలామందికి ఉంటుంది. ఈ రచయిత తొలి సంపుటాల్లో అది కనిపిస్తుంది. యుద్ధకాలపు మూడు నోటుపుస్తకాల్లో, అంటే 101 నుంచి 103 వరకు, కుడివైపు తర్కశాస్త్ర చింతన ఉంటే ఎడమవైపు సొంత విషయాలు గుప్తలిపిలో ఉన్నాయి. ఆ లిపి వర్ణమాలను తలకిందులు చేసినది: మొదటి అక్షరానికి బదులు చివరిది, రెండోదానికి బదులు చివరి నుంచి రెండోది రాస్తే సరిపోతుంది. దాన్ని విప్పడం పిల్లల ఆట అంత సులువు. అంత సులువైనా దాన్ని కేటలాగు గోప్యమైన రాతగానే గౌరవించాలని నా అభిప్రాయం. గుప్తలిపి ఏ పుటల్లో ఉందో నమోదు చేయండి. సారాంశం రాయకండి. జీవించి ఉన్నవారి ప్రస్తావన ఉంటే ఆ పుటలను చూపించే నియమాలను గ్రంథాలయంతో కలిసి ముందే లిఖితపూర్వకంగా నిర్ణయించండి.

అంచుల్లో కనిపించే గీతలు, వాలుగీతలు, ఒంటి అక్షరాలు, కొట్టివేతలు కూడా వస్తువులో భాగమే. అవి ఎంపిక గుర్తులు కావచ్చు, తిరస్కార గుర్తులు కావచ్చు. గుర్తు రూపాన్ని, ఏ సిరాతో ఉందో రాస్తే చాలు. అర్థాన్ని ఇతరులు తేల్చుకుంటారు.

ఏది దేనిలోంచి పుట్టింది

తత్వవేత్త కాగితాల కేటలాగు సాధారణ గ్రంథాలయ జాబితాతో విడిపోయే చోటు ఇదే, దీనిమీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. విట్‌గెన్‌స్టైన్ పనిచేసే తీరు ఇలా ఉండేది: జేబు పుస్తకాల్లో తొలి రాత, అందులోంచి ఎంచినవి పెద్ద సంపుటాల్లోకి, అక్కడినుంచి ఎంచినవి టైపిస్టుకు చదివి వినిపించగా టైపు ప్రతి, ఆ టైపు ప్రతిని కత్తెరతో ముక్కలు చేసి కొత్త వరుస, ఆ వరుసనుంచి మరో టైపు ప్రతి, దానిమీద మళ్లీ చేతి సవరణలు.

దీన్ని సంఖ్యల్లో చూడండి. 1929–30 నాటి సంపుటాలు 105 నుంచి 108 మొదటి భాగం వరకు ఉన్నది టి.ఎస్. 208 అయింది. దాని ముక్కలను పుస్తకంలో అతికిస్తే టి.ఎస్. 209 అయింది. 108లో మిగిలిన భాగం 210 అయింది. 109 నుంచి 114 మొదటి భాగం వరకు ఉన్నదానిలోంచి 211 వచ్చింది. 208, 210, 211 ప్రతుల ముక్కలను అంశాలవారీగా చేర్చిన చీటీల కట్ట 212. దానినుంచి 1933లో టైపు చేయించిన 768 పుటల రాశి 213, పరిశోధకులు ‘బిగ్ టైపుస్క్రిప్టు’ అని పిలిచేది అదే. దాని మీద రచయిత చేతి సవరణలు చేశారు, 114 రెండో భాగంలో, 115 మొదటి భాగంలో, 140లో తిరగరాతలు చేశారు. ఇంత చేసినా దాన్ని పుస్తకంగా వెలువరించలేదు.

ఇప్పుడు ఒక వాక్యం ఈ ప్రతుల్లో నాలుగైదు చోట్ల కనిపిస్తుంది. ప్రతిసారీ చుట్టూ ఉన్న వాక్యాలు వేరు. ఏది అసలైనది అన్న ప్రశ్నకు కేటలాగు జవాబు చెప్పకూడదు. చెప్పవలసింది బంధుత్వమే. అందుకు ప్రతి నమోదులోనూ రెండు గడులు తప్పనిసరిగా ఉంచండి: ‘దీనికి మూలం’, ‘దీనినుంచి వచ్చినది’. మొదటి గడిలో ఒక సంఖ్య రాసినప్పుడల్లా ఆ సంఖ్య నమోదులోని రెండో గడికి వెళ్లి ఎదురు నమోదు చేయండి. ఈ జంట నమోదు ఒక్కచోట తప్పినా గొలుసు తెగుతుంది, కాబట్టి పని ముగిసేముందు మొదటి గడుల జాబితానూ రెండో గడుల జాబితానూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచూడాలి. సంబంధం ఎలాంటిదో కూడా ఒక్క మాటలో చెప్పండి: ఎత్తిరాత, ఎంపిక, కత్తిరింపు, కార్బన్ కాపీ, అనువాదం, చేతి సవరణ. కార్బన్ కాపీని నకలుగా భావించి పక్కన పడేయడం ప్రమాదం. రెండు కాపీల మీద వేర్వేరు సవరణలు ఉండవచ్చు. ‘తాత్త్విక పరిశోధనలు’ మొదటి భాగం టైపు ప్రతి 227కు ఏ, బి అని రెండు నమోదులు ఉండడానికి కారణం అదే.

అచ్చయిన పుస్తకాల పేర్లతో కాగితాలను వర్గీకరించకూడదన్నది ఇక్కడినుంచే అర్థమవుతుంది. రష్ రీస్ 1969లో వెలువరించిన ‘ఫిలసాఫికల్ గ్రామర్’ ఏ ఒక్క ప్రతి కూడా కాదు. 213, 114, 115, 140 ప్రతుల భాగాలను కలిపి ఆయన కూర్చినది. అదే ఏడాది వచ్చిన ‘ఆన్ సర్టెనిటీ’ 172, 174, 175, 176, 177 ప్రతుల నుంచి ఏరినది. 1977లో ఫాన్ రైట్ ప్రకటించిన సంస్కృతి, విలువలకు సంబంధించిన వ్యాఖ్యల సంపుటి అనేక దశాబ్దాల పుస్తకాలలో చెదిరి ఉన్న వాక్యాల సంకలనం. వీటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ సంపాదకులు లేకుంటే ప్రపంచం ఈ తత్వవేత్త మలిదశను ఇంత త్వరగా చదివి ఉండేది కాదు. కానీ ఒక పుస్తకం పేరుతో అట్టపెట్టె తయారుచేసి అయిదు నోటుపుస్తకాల భాగాలను అందులోకి మార్చితే ఆ అయిదు నోటుపుస్తకాలూ చెడిపోతాయి. అచ్చు రూపాల కోసం చివర ఒక వేరు పట్టిక చేయండి: ఎడమవైపు పుస్తకం, కుడివైపు దానికి ఆధారమైన ప్రతుల సంఖ్యలు, పుటలు. చదువరి పుస్తకం నుంచి కాగితానికి వెళ్లే దారి అదే.

బడిపంతులు కాగితాలు

1920 నుంచి 1926 వరకు విట్‌గెన్‌స్టైన్ దిగువ ఆస్ట్రియా పల్లెల్లో, ట్రాటెన్‌బాఖ్‌లో, పూఖ్‌బెర్గ్‌లో, ఓటర్‌టాల్‌లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆ ఆరేళ్లకు మిగిలిన తాత్త్విక కాగితాలు దాదాపు లేవు. కేటలాగులో ఇది పెద్ద ఖాళీలా కనిపిస్తుంది. దాన్ని ‘ఏమీ రాయని కాలం’ అని నమోదు చేయడం అన్యాయం అవుతుంది. ఆ కాలంలో ఆయన చేసిన పని బడిలో ఉంది, పదకోశంలో ఉంది. పదకోశానికి 1925 ఏప్రిల్‌లో రాసిన ముందుమాట టి.ఎస్. 205గా జాబితాలో ఉంది. 1926 ముద్రణలో ఆ ముందుమాట చేరలేదు. ఫాన్ రైట్ దాన్ని తత్వ రచనల పక్కనే పెట్టడం ఎంతో సబబుగా తోస్తుంది, ఎందుకంటే పిల్లవాడు ఒక మాటను ఎలా నేర్చుకుంటాడు అన్న ప్రశ్న మలిదశ రచనల్లో మళ్లీ మళ్లీ వస్తుంది.

ఉపాధ్యాయులుగా పనిచేసినవారి కాగితాలు మీ ముందుకు వచ్చినప్పుడు హాజరు పట్టీలు, పాఠ్య ప్రణాళికలు, పిల్లల రాతపుస్తకాలు, తనిఖీ నివేదికలు పక్కన పెట్టకండి. అవి చాలావరకు ఆ రచయిత ఇంట్లో దొరకవు. పాఠశాల రికార్డుల్లో, సహోద్యోగుల ఇళ్లలో ఉంటాయి. పైన చెప్పిన 183వ ప్రతి, అంటే 1930–32, 1936–37 నాటి డైరీ, పూఖ్‌బెర్గ్‌లో పరిచయమై జీవితాంతం స్నేహితుడిగా ఉన్న ఉపాధ్యాయుడు రుడాల్ఫ్ కోడర్ కాగితాల్లో దొరికింది. కాబట్టి రచయిత పనిచేసిన ప్రతి ఊరికీ ఒక పుట కేటాయించి, అక్కడ ఆయనకు దగ్గరైనవారి వివరాలు, వారి కాగితాలు ఎక్కడున్నాయన్న సమాచారం అందులో చేర్చుతూ పోవాలి.

పాఠాలు విన్నవారి నోట్సును రచయిత రచనల్లో కలపకూడదు. రచయిత చెప్పగా రాసినది, వినేవారు తమ మాటల్లో రాసుకున్నది రెండూ వేరు. 1933–34లో తరగతికి చెప్పి రాయించిన నీలి పుస్తకం డి. 309, మరుసటి ఏడాది ఇద్దరు శిష్యులకు చెప్పి రాయించిన గోధుమరంగు పుస్తకం డి. 310. శిష్యులు తామే రాసుకున్న ఉపన్యాస నోట్సుకు ఈ వరుసలో చోటు లేదు, ఉండకూడదు కూడా. అవి రాసినవారి పేరున వేరే జాబితాగా ఉండి, తేదీల ద్వారా దీనితో ముడిపడాలి. ఉత్తరాలకూ అంతే. జర్మన్ భాషా దేశాల్లో వ్యక్తుల కాగితాలకు అనుసరించే నియమాలు రచనలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, జీవిత పత్రాలు, సేకరణలు అని నాలుగు వర్గాలు చేస్తాయి. ఈ విభజన సరళమైనది, చాలా సముదాయాలకు సరిపోతుంది. ఉత్తరాలను రాసినవారి పేరున, ఆపైన తేదీ వరుసన పెట్టండి. ఆయనకు వచ్చినవి, ఆయన పంపినవి విడిగా ఉండాలి.

పుట కన్నా చిన్న కొలత

విట్‌గెన్‌స్టైన్ రాతలో మూలకం అధ్యాయం కాదు, పుట కాదు. ఖాళీ పంక్తులతో వేరుచేసిన ఒక్కొక్క వ్యాఖ్య. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయంలో 1990లో ఏర్పడిన విట్‌గెన్‌స్టైన్ ఆర్కైవు మొత్తం రాశిని యంత్రం చదవగల పాఠంగా మార్చి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా 2000 నాటికి సీడీలుగా వెలువరించింది. అక్కడ ప్రతి వ్యాఖ్యకూ రాతప్రతి సంఖ్య, పుట, ఆ పుటలో ఎన్నో వ్యాఖ్య అన్న మూడింటితో ఒక చిరునామా ఉంది. పాఠం రెండు రూపాల్లో కనిపిస్తుంది: కొట్టివేతలు, ప్రత్యామ్నాయ పదాలు అన్నీ చూపేది ఒకటి, సాఫీగా చదువుకోవడానికి వీలుగా ఉండేది మరొకటి. ఈ పని ఇంత చక్కగా సాగడానికి పునాది ఫాన్ రైట్ సంఖ్యలే. బెర్గెన్ వారు కొత్త సంఖ్యలు వేయలేదు, ఉన్నవాటినే మరింత లోతుకు తీసుకెళ్లారు.

మీకు అంత వనరులు లేకపోయినా ఇదే పద్ధతిని చిన్నగా పాటించవచ్చు. ప్రతి పుటకూ ఒక ఫోటో తీసి, ఫైలు పేరులో రాతప్రతి సంఖ్య, మూడు అంకెల పుట సంఖ్య, ముందువైపో వెనకవైపో తెలిపే అక్షరం పెట్టండి. ఖాళీ పుటలను కూడా ఫోటో తీయాలి, లేకుంటే పుట పోయిందా, ఖాళీగా ఉందా అన్న సందేహం తర్వాత తీరదు. పట్టికను ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే సాదా రూపంలో ఒక ప్రతి దాచండి. కాగితం మీద అచ్చు తీసిన ప్రతి ఒకటి పెట్టెలతోపాటే ఉంచండి.

ఒకసారి ప్రకటించాక సవరణలు తప్పవు. ఫాన్ రైట్ తన జాబితాను 1982లోనూ ఆ తర్వాతా సరిచేసి తిరిగి ప్రకటించారు. మీ కేటలాగు మొదటి పుటలో కూర్పు సంఖ్య, తేదీ ఉండాలి. మార్చిన ప్రతి నమోదు కింద ఏమి మారింది, ఏ ఆధారంతో మారింది, ఎవరు మార్చారు అన్నవి రాసి, పాత పాఠాన్ని తుడిచివేయకుండా ఉంచాలి. ఏదైనా సంఖ్యను రద్దు చేయవలసి వస్తే దాన్ని మరో వస్తువుకు ఎన్నడూ ఇవ్వకుండా, రద్దయినదన్న గుర్తుతో జాబితాలోనే కొనసాగించండి.